పదమూడు వందల పది

నా చేతిరాత బాగుంటుంది. ఈ సంగతి నేను చెప్పడం కాదు, కమిటీ మినిట్స్ పుస్తకంలో రెండుసార్లు రాసి ఉంది. ఆ చేతిరాతతోనే నన్ను పెంచిన మనిషికి ఎనిమిదేళ్ళ వయసు ఎక్కువ వేసి, ఆమెను వీధిలోకి పంపాను. వంకర అక్షరం ఒక్కటి లేకుండా, సిరా మరక పడకుండా, అంచుకు గీత కొట్టి మరీ రాశాను.

మా సంస్థను బోయిగూడలో అందరూ యతీంఖానా అంటారు. కట్టె అడితీల వెనక పెద్ద పెంకుల కప్పు, చుట్టూ గోడ, లోపల ఎప్పుడూ నలభై యాభై మంది దిక్కులేని పిల్లలు. ఊళ్ళో పెద్దమనుషులు చందాలు వేసుకుని నడుపుతారు. ఏ మతం పిల్లలైనా తీసుకుంటారు, ఏ మతం వాళ్ళైనా పనిచేస్తారు. 1918 లో వచ్చిన పెద్ద జ్వరాల్లో మా అమ్మ రోసమ్మ రైల్వే క్వార్టర్స్‌లో పోయింది. మా నాన్న ఆమెకు నాలుగు రోజుల ముందే పోయాడట. మూడు నెలల నన్ను ఎవరో గోనెసంచిలో చుట్టి యతీంఖానా అరుగు మీద పెట్టారు.

అదే నెలలో ఖమర్ బీ అక్కడ ఆయాగా చేరింది. ఆమె మొగుడూ ఆ జ్వరాల్లోనే పోయాడు. ఆమె మేకపాలు దూది వత్తితో నా నోట్లో పిండి నన్ను బతికించింది. బాప్తిస్మం కాగితం నన్ను చుట్టిన గుడ్డలో దొరికింది కాబట్టి నా మతం నాకే ఉంచారు. ఖమర్ బీ ప్రతి ఆదివారం నన్ను చర్చికి తీసుకెళ్ళి, ప్రార్థన అయ్యేదాకా గేటు పక్కన నిలబడి, మళ్ళీ తీసుకొచ్చేది. "జకర్యా మా కితాబుల సుత ఉన్నడు బిడ్డా, నీ పేరు ఇద్దరిదీ" అనేది. పిల్లలందరూ ఆమెను అమ్మీ అనేవాళ్ళు. నేను పెద్దవాడినై, అక్కడే గుమాస్తానై, పెళ్ళి చేసుకుని, అక్కడే ఒక గది సంపాదించుకున్నాక కూడా అమ్మీ అనే పిలిచాను.

1948 లో ఇండియా సైన్యం వచ్చిన పోలీస్ యాక్షన్ తర్వాత చాలా మారాయి. మా కమిటీ కూడా మారింది. పాత సెక్రటరీ కరాచీ వెళ్ళిపోయాడు. ఆయన స్థానంలో జ్ఞానశేఖర్ మొదలియార్ వచ్చారు. మిలిటరీ అకౌంట్స్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు ఇవాళ ఎంతో సుఖంగా ఉండేది, నింద ఆయన మీదికి నెట్టి నిద్రపోయేవాణ్ణి. ఆయనకు కావలసింది పద్ధతి. పప్పులో పురుగు కనబడ్డా ఆయన అడిగేది పురుగు గురించి కాదు, స్టోర్ రిజిస్టర్‌లో సంతకం ఎవరిదని.

1951 మొదట్లో ధర్మసంస్థలన్నీ తమ ఉద్యోగుల జాబితా ఇంగ్లీషులో పంపాలని సర్కారు నుంచి కాగితం వచ్చింది. దాంతోపాటు మా కమిటీ తనంతట తాను ఒక తీర్మానం చేసింది. యాభై అయిదు నిండిన ఉద్యోగులకు నెల నోటీసుతో విశ్రాంతి. గదులున్నవాళ్ళు గదులు ఖాళీ చేయాలి. ఆ తీర్మానం చదివిన జ్ఞానశేఖర్ గారికి అరవై నాలుగు. గౌరవ సభ్యులకు వయసు ఉండదు కాబోలు.

జాబితా రాసే పని నాది. ఉద్యోగుల రిజిస్టర్ ఉర్దూలో ఉంది. పాత మున్షీ రాసింది, ఆయన పోయి ఇరవై ఏళ్ళు. ఉర్దూ నాకు వచ్చు, అమ్మీయే నేర్పించింది. ఇబ్బంది ఉర్దూతో కాదు, సంవత్సరాలతో వచ్చింది. సికింద్రాబాదు తెల్లవాళ్ళ కంటోన్మెంటు కాబట్టి మేము పుట్టిందీ పెరిగిందీ ఇంగ్లీషు తేదీల్లో. హుస్సేన్‌సాగర్ కట్ట దాటితే నిజాం సర్కారు ఫసలీ సంవత్సరం. మసీదులోకి అడుగుపెడితే హిజ్రీ సంవత్సరం. మూడింటికీ పొంతన లేదు. ఫసలీకి అయిదు వందల తొంభై కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. హిజ్రీకి పట్టిక చూడాలి. పుట్టిన సంవత్సరం కింద మున్షీ అంకె మాత్రం వేశాడు. అది ఏ లెక్కదో రాయలేదు. ఆయన కాలంలో అడిగేవాళ్ళు లేరు.

నేనేం చేశానో చెబుతాను. వంటమనిషి బాలమ్మ పేరు ఎదురుగా ఉన్న అంకెకు అయిదు వందల తొంభై కలిపాను. ఖమర్ బీ పేరు ఎదురుగా 1310 అని ఉంటే పంచాంగం వెనక ఉన్న హిజ్రీ పట్టిక తీశాను. తురకవాళ్ళ సంవత్సరం హిజ్రీ కదా అనుకున్నాను. అంతే. ఒకే పుట, ఒకే చేయి, ఒకే సిరా. నేను పేరు చూసి సంవత్సరం మార్చాను. ఆ రోజుల్లో అందరూ అన్నిటికీ ముందు పేరే చూసేవాళ్ళు. నేను కూడా చూశాను. తురక నీళ్ళు తాగి, తురక ఒడిలో పెరిగి, నేను కూడా చూశాను.

1310 హిజ్రీ అంటే 1892. అమ్మీకి యాభై ఎనిమిది అని తేలింది. నాకు అనుమానం రాలేదు. తల్లి వయసు ఏ కొడుక్కీ కనబడదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె నా కంటికి పెద్దదే. గేటు కాపలా పీరాకూ అలాగే హిజ్రీ లెక్కన యాభై ఆరు వచ్చింది. అడుగున "సరిచూసి ధ్రువీకరించడమైనది" అని రాసి సంతకం పెట్టాను.

ఏప్రిల్‌లో నోటీసులు ఇచ్చారు. ఆ మధ్యాహ్నమే పీరా తన ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని గేటు తాళాలు నా బల్ల మీద ఉంచి వెళ్ళిపోయాడు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. పోలీస్ యాక్షన్ అయిన ఆ రెండేళ్ళలో తురకవాళ్ళు చేతికి కాగితం అందితే ఎందుకని అడగడం మానేశారు.

అమ్మీ మాత్రం అడిగింది. నోటీసు పట్టుకుని ఆఫీసుకు వచ్చింది.

"ఇండ్ల ఏం రాసిండ్రు బిడ్డా?"

"నీకు యాభై అయిదు దాటిందట అమ్మీ. ఇంక పని చేయొద్దంటున్నారు."

"పని చేయకుంటే ఏం చేయాలె?"

ఆమెకు వెళ్ళడానికి చోటు లేదు. తమ్ముడి ఊరు బీదర్ దిక్కు. పోలీస్ యాక్షన్ అయినప్పటి నుంచీ అక్కడి నుంచి ఉత్తరం లేదు. ఆమె రాయించిన మూడు కార్డులూ నేనే రాశాను. రెండు తిరిగొచ్చాయి, మూడోది తిరిగి కూడా రాలేదు. వంటింటి వెనక గది, అందులో పడుకునే నలుగురు పాలుతాగే పిల్లలు, ఇవే ఆమెకున్న లోకం.

"మా గదిలో ఉండు" అన్నాను.

"నీ గది సుత వాళ్ళదే గద బేటా" అంది. నిజమే. తీర్మానంలో అదీ ఉంది. విశ్రాంతి పొందినవాళ్ళు ఆవరణలో ఉండరాదు.

నెల పూర్తయ్యే వారంలో ఆమెకు ఇవ్వాల్సిన సెలవు కాగితం రాయడానికి కూర్చున్నాను. అందులో ఎన్నేళ్ళు పనిచేసిందో వేయాలి. రిజిస్టర్ తీశాను. చేరిన సంవత్సరం 1328 అని ఉంది. అలవాటుగా హిజ్రీ పట్టిక చూసి 1910 అని వేశాను. నలభై ఒక్క ఏళ్ళ సర్వీసు. బాగానే ఉందనుకుని సిరా మీద అద్దుడు కాగితం వేయబోయి ఆగాను.

యతీంఖానా పునాది రాయి మీద 1917 అని ఉంటుంది. రోజూ దాని పక్కనుంచే లోపలికి వస్తాను. లేని ఇంట్లో ఏడేళ్ళు ముందుగా ఎలా చేరుతుంది? పిల్లల రిజిస్టర్ తీశాను. అదే మున్షీ రాత. "జకర్యా, వయసు మూడు నెలలు, 1328." హిజ్రీ అయితే నేను నలభై ఒక్క ఏళ్ళవాణ్ణి. నాకు ముప్పై రెండు. ఆ 1328 ఫసలీ. జ్వరాల సంవత్సరం. మున్షీ రిజిస్టర్ మొత్తం ఫసలీలోనే రాశాడు. 1310 కూడా ఫసలీయే. అమ్మీ పుట్టింది 1900 లో. ఆమెకు యాభై. పీరాకు యాభై కూడా లేవు.

మొదట పీరా గుర్తుకు రాలేదు, అమ్మీ గుర్తుకు రాలేదు. అడుగున ఉన్న నా సంతకం గుర్తుకొచ్చింది. ఇది దాచడం ఎందుకు, సిగ్గుపడాల్సిందే.

అయినా వెళ్ళాను. రెండు రిజిస్టర్లూ చంకలో పెట్టుకుని జ్ఞానశేఖర్ గారింటికి వెళ్ళి అన్నీ చూపించాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు.

"నువ్వు చెప్పేది కరెక్టేనయ్యా. ఇది ఫసలీయే" అన్నారు. నా ప్రాణం లేచి వచ్చింది. "ఆదివారం కమిటీలో పెడదాం. ఆమెను కూడా రమ్మను. నువ్వు కూడా ఉండు."

ఆ సంగతి చెబితే అమ్మీ పెద్దగా నవ్వింది. "నాకు యాభై యేండ్లేనా? నేను ఇంకా పడుచుదాన్నే గదరా!" అంది. ఆలిస్ కూడా నవ్వింది. నా భార్య ఆలిస్‌కు అప్పుడు ఏడో నెల. అంతకుముందు రెండు కాన్పులు దక్కలేదు. ఈసారి మంచం దిగొద్దని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఆమె జావ, స్నానం, కాళ్ళు పట్టడం అన్నీ అమ్మీయే చూసేది.

ఆదివారం పదిగంటలకు కమిటీ కూర్చుంది. అయిదుగురు. వాళ్ళలో పెద్దాయన కట్టె అడితీ వీరయ్య సేఠ్. మాటల మనిషి. అమ్మీని బెంచీ మీద కూర్చోమన్నది ఆయనే. ఆమె కూర్చోలేదు.

"ఏందమ్మా, నీ వయసు గురించి గిట్ల పంచాయతీ అయితున్నది. నీకేమన్న యాది ఉన్నదా? తుగ్యానీకి ఎంత పిల్లవు?" అని అడిగాడు.

తుగ్యానీ అంటే 1908 లో మూసీ వచ్చి సగం పట్నాన్ని తీసుకుపోయిన వరద. మా దగ్గర ముసలివాళ్ళ వయసులు అక్కడి నుంచే లెక్కపెడతారు.

"చిన్నపోరిని సాబ్. మా అబ్బా నన్ను బుజాల మీద కూసోబెట్టుకొని మసీదు మెట్లెక్కిండు. ముందు పండ్లు రెండూ ఊడినయ్ అప్పుడే. నీళ్ళల్ల పండు పడేసుకున్నా అని నేను ఏడుస్తుంటే మా అమ్మ కొట్టింది. ఇల్లు పోతున్నది, నీకు పండు కావాల్నా అని."

వీరయ్య సేఠ్ పకపకా నవ్వాడు. "ఇగ చాలు. పండ్లూడే వయసంటే ఏడెనిమిదేండ్లు. లెక్క సరిపాయె. నోటీసు వాపస్ తీసుకోండ్రి" అన్నాడు. మిగతా ముగ్గురూ తలూపారు.

జ్ఞానశేఖర్ గారు తలూపలేదు. ఫైలు తిప్పారు.

"తీసుకుందాం. నాకేమీ అభ్యంతరం లేదు. కాని జాబితా సర్కారుకు వెళ్ళిపోయింది. ఇప్పుడు దాన్ని సవరిస్తూ ఉత్తరం రాయాలి. తప్పు ఎలా జరిగిందని వాళ్ళు అడుగుతారు. ధ్రువీకరించిన గుమాస్తా తప్పుడు వయసులు వేశాడని రాయాలి. ఇద్దరివి వేశాడు. ఒకడు వెళ్ళిపోయాడు కూడా. అలాంటి గుమాస్తాను ఇంకా ఉంచుకున్నామా అని అడిగితే నేనేం చెప్పాలి? నియమం పదకొండు ఉంది. తప్పుడు రికార్డుకు తొలగింపు. అది నేను పెట్టింది కాదు, పాత కమిటీ పెట్టిందే."

"పొరపాటున రాసిండు గద" అన్నాడు వీరయ్య సేఠ్.

"పొరపాటా, కావాలనా అన్నది నియమంలో లేదండీ. జాబితా సరైనదైతే ఆమె వెళ్ళాలి. తప్పైతే ఇతను వెళ్ళాలి. ఇద్దర్నీ ఉంచాలంటే కుదరదు. ఏమయ్యా జకర్యా, రాతపూర్వకంగా ఇస్తావా? ఈ కాగితం మీద రాసి సంతకం పెట్టు."

ఆయన కాగితం నా ముందుకు జరిపారు. కలం కూడా తీసి పెట్టారు. గొంతులో కోపం లేదు.

నేను కలం అందుకున్నాను. అది నిజం. నా చేయి కలం మీద ఉంది. కాని రాయలేదు. మంచం మీద ఉన్న ఆలిస్ గుర్తుకొచ్చింది, మా గది గుర్తుకొచ్చింది, ఊళ్ళో పని లేకుండా తిరుగుతున్న వందలమంది గుమాస్తాలు గుర్తుకొచ్చారు. రాస్తాను అనుకుంటూనే ఉన్నాను. ఎంతసేపు అనుకున్నానో తెలియదు. అమ్మీకి మాత్రం ఆ కాసేపు చాలినట్టుంది.

"సాబ్" అంది.

అందరూ ఆమె వైపు చూశారు.

"జెర ఆగుండ్రి సాబ్. నేను తప్పు చెప్పిన. పండ్లూడింది నావి కావు, మా చెల్లెవి. తుగ్యానీకి నాకు షాదీ అయింది. అత్తగారింట్ల ఉన్న. పదహారేండ్లు నడుస్తుండె."

"ఏందమ్మా, ఇప్పుడే గద చిన్నపోరిని అంటివి!" అన్నాడు వీరయ్య సేఠ్.

"నౌకరీ పోతదని అట్ల చెప్పిన సాబ్. ముసల్దాన్ని, ఆశ. పోరడు రాసిందే కరెక్ట్. వాడు చిన్నప్పటి నుంచి రాతల తప్పు పోడు."

వీరయ్య సేఠ్ ఆమెను చూశాడు, నన్ను చూశాడు. ఆయనకు తెలుసు. అక్కడున్న అయిదుగురికీ తెలుసు. ఎందుకంటే పిల్లల రిజిస్టర్‌లో నా పేరున్న 1328 పుట ఇంకా వాళ్ళ ముందే తెరిచి ఉంది. జ్ఞానశేఖర్ గారు ఒక్క క్షణం కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత మినిట్స్ పుస్తకం నా వైపు తోశారు.

"ఉద్యోగిని తన వయసు జాబితా ప్రకారమే సరి అని స్వయంగా ఒప్పుకున్నది. రాయి."

రాశాను. ఇందాక కదలని చేయి ఇప్పుడు చకచకా కదిలింది. అప్పుడు నేను నోరు తెరిస్తే చాలేది. "అబద్ధం సార్, ఆమె నా కోసం చెబుతోంది" అని ఆరు మాటలు. నాకు మూడు భాషలు వచ్చు. ఒక్క దాంట్లోనూ రాలేదు.

వరండాలోకి వచ్చాక ఆమెను పట్టుకున్నాను. "ఎందుకట్లా చెప్పావు అమ్మీ?"

"ఏం చెప్పిన? ఆలిస్‌కు కాళ్ళు వాచినయ్, ఉప్పు తగ్గియ్యమని బాలమ్మకు చెప్పు" అంది. నాకు తిట్టించుకోవాలని ఉంది. ఆమె తిట్టలేదు. అది నేను ఈనాటికీ మోస్తున్నాను.

మరునాడు ఆమె మౌలా అలీ గుట్ట కింద ఎవరో దూరపు బంధువు ఖుర్షీదా ఇంటికి వెళ్ళిపోయింది. పాలుతాగే పిల్లలు నలుగురూ మూడు రోజులు గుక్కపట్టి ఏడ్చారు. తర్వాత కొత్త ఆయాకు అలవాటుపడ్డారు. పిల్లలంతే. జూలైలో మాకు ఆడపిల్ల పుట్టింది, దక్కింది. చూపించడానికి తీసుకెళ్తే ఆమె పిల్లను ఎత్తుకుని కిందికి దించలేదు. ఆ ఇంట్లో ఆమె పడక మేకలు కట్టేసే వసారాలో ఉంది. బియ్యం ఏరే పనికీ, అంట్లకూ నాలుగిళ్ళు తిరుగుతోందని ఖుర్షీదా చెప్పింది. "కూసుంటే కాళ్ళు పట్టేస్తయ్, అందుకే" అంది అమ్మీ. నెలకోసారి వెళ్ళేవాణ్ణి. తర్వాత రెండు నెలలకోసారి. ఆమె ముఖం చూడటం నాకు కష్టంగా ఉండేది, ఆమెకు నా ముఖం చూడటం పండుగలా ఉండేది.

1953 జనవరి చలిలో ఆమెకు దగ్గు పట్టింది. నాకు కబురు అందేటప్పటికి అయిపోయింది. వీరయ్య సేఠ్ ఎలా విన్నాడో విని ఆమెను తీసుకెళ్ళడానికి తన కట్టెల బండి పంపాడు, తాను మాత్రం రాలేదు. బండిని వెనక్కి పంపి, భుజాల మీదే తీసుకెళ్ళాం. నేనూ ఒక వైపు పట్టాను. ఆమె బరువే లేదు.

గోరీల దగ్గర కాపలాదారు చాప మీద పుస్తకం పెట్టుకుని కూర్చున్నాడు. పెన్సిల్ నాలిక మీద తడి చేసుకుని అడిగాడు.

"పేరు?"

"ఖమర్ బీ."

"నీకేమైతది?"

"అమ్మ."

నా చొక్కా మీది సిలువను చూసి ఒకసారి ఆగి, రాసుకున్నాడు.

"ఎన్నేండ్లు?"

అక్కడ కమిటీ లేదు. జ్ఞానశేఖర్ గారు లేరు. నా ఉద్యోగం అడిగేవాళ్ళు, సంతకం పెట్టమనేవాళ్ళు ఆ గుట్ట కింద ఒక్కరూ లేరు. పక్కనే ఆమెకు మట్టి తవ్వుతున్నారు. ఆమెకు యాభై రెండు. ఆ సంగతి అక్కడున్నవాళ్ళలో నా ఒక్కడికే తెలుసు.

"అరవై" అన్నాను.